ఎస్టేట్ సేల్‌లో దొరికిన చిన్న సైజు 1975 బేస్‌బాల్ కార్డులు: అమ్మాలా, గ్రేడింగ్‌కి పంపాలా, సెట్టు చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిషిగన్‌లోని డెట్రాయిట్ శివార్లలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒకరింటి సామానంతా అమ్మేసే చోట, నలభై డాలర్లు పెట్టి బూట్ల డబ్బా ఒకటి కొన్నారు. అందులో మూడు వందల దాకా బేస్‌బాల్ కార్డులున్నాయి. అన్నిటికీ రెండు రంగుల అంచు. మామూలు కార్డుల కన్నా కాస్త చిన్నవి. వెనక ఆటగాళ్ళ లెక్కలు 1974తో ఆగిపోయాయి. పక్కింటాయన చూసి "ఎవరో కత్తిరించారు, పనికిరావు" అన్నారు. ఆఫీసులో స్నేహితుడేమో "మొత్తం గ్రేడింగ్‌కి పంపెయ్" అన్నాడు. (గ్రేడింగ్ అంటే కార్డు కండిషన్‌ను పరీక్షించి నంబరు ఇచ్చే సంస్థకు పంపడం.) పదకొండేళ్ళ మీ అబ్బాయి మాత్రం "నాన్నా, మిగతావి వెతికి సెట్టు పూర్తి చేద్దాం" అంటున్నాడు. సెట్టు అంటే ఆ ఏడాది వచ్చిన కార్డులన్నీ ఒక్కోటి చొప్పున. ఎవరి మాట వినాలని అడిగారు.

మీ అబ్బాయి మాట వినండి.

మీరు చెప్పిన గుర్తులన్నీ 1975లో టాప్స్ అనే కంపెనీ వేసిన మినీ (చిన్న సైజు) కార్డులవే. వాటిని ఎవరూ కత్తిరించలేదు, ఫ్యాక్టరీ నుంచే ఆ సైజులో వచ్చాయి. మొత్తం గ్రేడింగ్‌కి పంపితే చాలా కార్డులకు వాటి ధర కన్నా ఫీజే ఎక్కువవుతుంది. అలాగని డబ్బా మొత్తాన్ని ఎవరికో ఒక ధరకు ఇచ్చేయకండి. ముందు కొలవండి, తర్వాత వేరు చేయండి, ఆ తర్వాతే డబ్బు సంగతి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ మినీలు సేకరిస్తున్నాను. మొదటి సెట్టు పూర్తవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇంకా మంచి కండిషన్‌లో రెండోది కడుతున్నాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

కొలత. మామూలు టాప్స్ కార్డు వెడల్పు 2½ అంగుళాలు, పొడవు 3½ అంగుళాలు. మినీ వెడల్పు 2¼, పొడవు 3⅛. మిల్లీమీటర్లలో అయితే సుమారు 57, 79. అంటే విస్తీర్ణంలో ఐదో వంతు తక్కువ. స్టీలు స్కేలు తీసుకుని కార్డు పక్కన బల్ల మీద ఆనించి చూడండి, కార్డు మీద పెట్టి నొక్కకండి. అప్పట్లో కోత అంత కచ్చితంగా ఉండేది కాదు కాబట్టి వెంట్రుకవాసి తేడాలుంటాయి. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

"కత్తిరించారేమో" అన్న అనుమానం తీరడానికి ఒక తేలిక మార్గం ఉంది. అదే ఆటగాడి మామూలు 1975 కార్డు ఒకటి కొనండి. పెద్ద పేరు లేని ఆటగాడిదైతే ఒకటి రెండు డాలర్లకు దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టండి. మామూలు కార్డును కత్తిరించి చిన్నది చేస్తే రంగు అంచు పోతుంది, పైన జట్టు పేరు తెగుతుంది, లోపలి ఫోటో మాత్రం అదే సైజులో ఉంటుంది. మినీలో అలా కాదు. ఫోటో, జట్టు పేరు, అంచు, కింద మూలన బంతి బొమ్మలో ఉండే పొజిషన్, ఫోటో మీది సంతకం, అన్నీ ఒకే కొలతలో కుదించుకుపోయి ఉంటాయి. వెనక అక్షరాలు కూడా అంతే. పెద్ద కార్డును ఏ కత్తెరతోనూ మినీ చేయలేరు. మీ పక్కింటాయనకు ఇది చూపిస్తే ఒప్పుకుంటారు.

ఇక ఇవి మీ ఊళ్ళోనే ఎందుకు దొరికాయన్నది. నాకు ఈ సెట్టు మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే.

1975లో టాప్స్ కంపెనీ 660 కార్డుల సెట్టును అమెరికా అంతటా మామూలు సైజులో అమ్మింది. అదే సెట్టును, అవే 660 కార్డులను, చిన్న సైజులో అచ్చువేసి కొన్ని ప్రాంతాల్లో మాత్రం అమ్మి చూసింది. అందులో ముఖ్యమైనవి మిషిగన్, కాలిఫోర్నియా. చిన్న కార్డు ఇస్తే పిల్లలు కొంటారా లేదా, అట్ట ఖర్చు కలిసొస్తుందా అని చూడటానికే చేశారని పాత కలెక్టర్లు చెప్పుకుంటారు. మరుసటి ఏడాది అందరికీ మళ్ళీ పాత సైజే. అందుకే ఈ మినీలు కొద్ది రాష్ట్రాల్లో, ఒకే ఒక్క సీజన్‌లో వచ్చి ఆగిపోయాయి.

ఇది మనసులో పెట్టుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. ఇవి అపురూపమైనవి కావు, ఒక చోట పోగుపడినవి. మిషిగన్‌లో ఎస్టేట్ సేళ్ళలో, గరాజ్ సేళ్ళలో, చిన్న చిన్న కార్డు షోలలో ఇప్పటికీ కనిపిస్తాయి. న్యూజెర్సీలో ఉండే నా మిత్రుడు పదేళ్ళు షోలు తిరిగినా ఒక్క డబ్బా కూడా చూడలేదు. మీరున్న చోటే మీకు పెద్ద లాభం. ఆన్‌లైన్‌లో జీవితాంతం వెతికేవాళ్ళకు లేని అవకాశం శనివారం పొద్దున్నే లేచి బయల్దేరితే మీకు ఉంది.

ఒక షోలో కలిసిన పెద్దాయన చెప్పిన సంగతి ఎప్పటికీ మర్చిపోలేను. 1975లో ఆయనకు తొమ్మిదేళ్ళు. వీధి చివర మందుల షాపులో చిల్లర పెట్టి ప్యాకెట్లు కొనేవాడు. దేశంలో కార్డులన్నీ ఇంతే ఉంటాయనుకున్నాడు. వేసవి సెలవులకు ఒహాయో నుంచి మేనత్త కొడుకు తన కార్డులు పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ నేల మీద పరిచి మార్చుకుందామని కూర్చున్నారు. బొమ్మలు అవే, సైజు వేరు. "నీవి దొంగ కార్డులు" అని ఆ పిల్లాడు మార్చుకోనన్నాడు. ఈయన ఏడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడట. ఆ కార్డులు నలభై ఏళ్ళు అట్టపెట్టెలో ఉన్నాయి. అందులోంచి ఆయన నాకు అమ్మిన పదకొండు కార్డులు ఇప్పటికీ నా మొదటి సెట్టులోనే ఉన్నాయి. వాటికన్నా మంచివి దొరికినా నేను వాటిని మార్చలేదు.

నేను గుంటూరులో చదువుకునేటప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మల కోసం అలాగే కొట్టుకునేవాళ్ళం. బేస్‌బాల్ నాకు పెద్దయ్యాక తెలిసిన ఆట. కార్డు మీద ఆశ మాత్రం చిన్నప్పటిదే. ఈ దేశంలో పుట్టకపోతే ఈ హాబీ మనది కాదేమో అని మీలాంటివాళ్ళు కొందరు నన్ను అడిగారు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. షోలలో బల్లల వెనక కూర్చునే పెద్దవాళ్ళు నాకు ఆటగాళ్ళ కథలు ఎంతో ఓపిగ్గా చెప్పారు. ఇప్పుడు నేను ఇంకొకళ్ళకు చెప్తున్నాను.

సరే, డబ్బా సంగతికి వద్దాం.

ముందు చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. రబ్బరు బ్యాండ్లు ఉంటే లాగకండి, కత్తెరతో తెంచండి. పాత రబ్బరు అట్టకు అంటుకుపోయి ఉంటుంది, లాగితే రంగు ఊడి వస్తుంది. కార్డులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే అవి పక్కన పెట్టండి, బలవంతంగా విడదీయొద్దు. తర్వాత వెనకున్న నంబర్ల ప్రకారం వందలుగా పేర్చండి. ఈ పని మీ అబ్బాయికి ఇవ్వండి. పిల్లలకు సెట్టు పరిచయమయ్యేది అక్కడే.

పేర్చాక ముందు వెతకాల్సిన నంబర్లు ఇవి. 228 జార్జ్ బ్రెట్, 223 రాబిన్ యౌంట్. ఇద్దరివీ రూకీ కార్డులు, అంటే టాప్స్ సెట్టులో వాళ్ళ మొదటి కార్డులు. ఇద్దరూ మూడు వేల హిట్లు (బంతిని కొట్టి కనీసం మొదటి బేస్ చేరడం) దాటారు, ఇద్దరూ 1999లో ఒకేసారి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే బేస్‌బాల్ గొప్ప ఆటగాళ్ళ గౌరవ జాబితాలోకి, వెళ్ళారు. ఈ సెట్టుకు రెండు కళ్ళు వాళ్ళే. ఆ తర్వాత 600ల్లో నాలుగేసి చిన్న ఫోటోలున్న రూకీ కార్డులు వస్తాయి. చూడగానే ఏముందిలే అనిపించి చాలామంది వదిలేస్తారు. 620లో గ్యారీ కార్టర్, 616లో జిమ్ రైస్, 622లో ఫ్రెడ్ లిన్, 623లో కీత్ హెర్నాండెజ్ ఉన్నారు. 500 నోలన్ ర్యాన్. 70 మైక్ ష్మిట్. 320 పీట్ రోజ్. 300 రెజ్జీ జాక్సన్. 260 జానీ బెంచ్.

హ్యాంక్ ఆరన్ సంగతి వేరు. 1974 ఏప్రిల్ 8న ఆయన 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. అందుకని సెట్టులో నంబర్ 1 ఆయన రికార్డుకే ఇచ్చారు. చివరి కార్డు 660 కూడా ఆయనదే. ఇప్పుడు పిల్లలు కార్డులు ఎలా దాచుకునేవాళ్ళో ఊహించండి. నంబర్ల వరసలో పేర్చి, పైనుంచి కింది దాకా రబ్బరు బ్యాండు వేసేవాళ్ళు. అన్నిటికన్నా పైన 1, అన్నిటికన్నా అడుగున 660. బ్యాండు కోసేది ఆ రెండిటినే. బల్లకు రాపిడి అయ్యేది, పైన గ్లాసు పెడితే మచ్చ పడేది కూడా వాటికే. మధ్యలో ఉన్న 300 నంబరు కొత్తదిలా ఉన్న సెట్టుల్లో కూడా ఈ రెండూ నలిగి ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో. మీ డబ్బాలో వీటిలో ఏదైనా అంచు చెక్కుచెదరకుండా ఉంటే వెంటనే విడిగా తీసి పెట్టండి.

డబ్బు రాకపోయినా మీరుండే చోటికి సంబంధించిన రెండు కార్డులు చెప్తాను. నంబర్ 4 ఆల్ కేలైన్. ఇరవై రెండు సీజన్లు ఒక్క డెట్రాయిట్ టైగర్స్‌కే ఆడి, 1974 సెప్టెంబరులో మూడు వేల హిట్లు దాటి, ఆ ఏడాదే రిటైరయ్యాడు. అప్పటి మిషిగన్ పిల్లలకు అంతకన్నా ప్రాణమైన కార్డు లేదు. అందుకే ఇక్కడ దొరికే డబ్బాల్లో ఆ ఒక్క కార్డే బాగా అరిగి ఉంటుంది. రెండోది 407 హెర్బ్ వాషింగ్టన్. ఫ్లింట్‌లో పెరిగి, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పరుగు పందేల్లో పేరు తెచ్చుకున్నాడు. ఓక్లండ్ జట్టు యజమాని ఆయన్ని కేవలం పరుగెత్తడానికే తీసుకున్నాడు. 1974లో 92 మ్యాచుల్లో దిగి ఒక్కసారి కూడా బ్యాటు పట్టలేదు, 29 బేసులు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతిని కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు. కార్డు మీద పొజిషన్ రాసే చోట "పించ్ రన్నర్" (ఇంకొకరి బదులు పరుగెత్తేవాడు) అనే ఉంటుంది. అలా రాసిన టాప్స్ కార్డు అదొక్కటే. మీ అబ్బాయికి వెతకమని ఇవ్వడానికి ఇంతకన్నా మంచి కార్డు లేదు, ధర కూడా ఎక్కువ కాదు.

189 నుంచి 212 దాకా ఉన్న కార్డులను మాత్రం భూతద్దం పెట్టి తీరిగ్గా చూడండి. 1951 నుంచి 1974 దాకా ప్రతి ఏడాదీ రెండు లీగుల్లో ఎంవీపీలు, అంటే ఆ సీజన్‌కు అత్యంత విలువైన ఆటగాళ్ళుగా ఎంపికైనవాళ్ళ, పాత కార్డుల బొమ్మలు వాటి మీద ఉంటాయి. కార్డులో కార్డు అన్నమాట. మినీలో అవి ఇంకా చిన్నవి, గోటి కన్నా కాస్త పెద్దవి. 1962 ఎంవీపీ మౌరీ విల్స్‌కు ఆ ఏడాది టాప్స్ కార్డే లేదు. అందుకని 1962 డిజైన్‌లో అప్పటికప్పుడు ఒకటి తయారుచేసి పెట్టారు.

కండిషనే సగం ధర. తెల్ల అంచు కార్డుకు మూల కాస్త అరిగినా దూరం నుంచి కనపడదు. 1975 కార్డులకు అంచంతా రంగే. ఎర్రటి అంచు మీద చిన్న పెచ్చు ఊడినా కింద అట్ట తెల్లగా బయటపడి కంటిని లాగుతుంది. కార్డును లైటు కింద కాస్త వంచి పట్టుకుని నాలుగు అంచులూ తిప్పి చూడండి. తర్వాత సెంటరింగ్. ఎడమ అంచు, కుడి అంచు సమానంగా ఉన్నాయా, పైదీ కిందిదీ సమానమేనా, ఫోటో పక్కకు వాలిందా అని. మినీలో అంచే సన్నం కాబట్టి మిల్లీమీటరు జరిగినా ఒక పక్క దాదాపు మాయమైనట్టు కనిపిస్తుంది. నాలుగు మూలలూ పదునుగా ఉండి సెంటరింగ్ పోయిన కార్డులు కుప్పలుగా ఉంటాయి. రెండూ బాగున్నవే అరుదు.

మైనపు మరక గురించి ఒక మాట. అప్పటి ప్యాకెట్లు మైనపు కాగితంతో, వేడి పెట్టి అతికించినవి. లోపల చూయింగ్ గమ్ ముక్క ఒకటి. ప్యాకెట్ అతుకు వైపున్న కార్డుకు మైనం అంటి మసకగా పొర ఏర్పడుతుంది. కార్డు ముందు వైపు అలా ఉంటే పలచటి నైలాన్ మేజోడు వేలికి చుట్టుకుని, నొక్కకుండా, ఒకే దిశలో నెమ్మదిగా తుడవండి. పొర లేచి వచ్చేసి కింద రంగు మెరుస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పాత తలుపు మీద దుమ్ము తుడిచినట్టు అనిపించింది. ముందు విలువలేని కార్డు మీద రెండు మూడుసార్లు చేసి చేయి అలవాటు చేసుకోండి. వెనక వైపు గరుకు అట్ట కాబట్టి అక్కడ ఈ పని చేయొద్దు, మైనం ఇంకిపోయి ఉంటుంది. నీళ్ళు, స్పిరిట్, రబ్బరు లాంటివి దగ్గరికి కూడా రానివ్వకండి.

దొంగ కార్డులున్నాయా? మీ డబ్బాలో ఉండే అవకాశం చాలా తక్కువ. బయట కొనేటప్పుడు మాత్రం, ముఖ్యంగా బ్రెట్, యౌంట్ కార్డులకు, జాగ్రత్త అవసరం. టాప్స్ కంపెనీయే ఈ డిజైన్‌ను తర్వాతి కాలంలో మళ్ళీ మళ్ళీ వాడింది, పాత కార్డుల రీప్రింట్లు కూడా వేసింది. అవి మోసం కాదు. కానీ తెలియనివాళ్ళు అసలు కార్డు అనుకుని అమ్ముతుంటారు. కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిది ఒకటి కొనుక్కోండి, పది రెట్లు పెద్దగా చూపించేది చాలు. ఫోటో మీద అచ్చువేసిన సంతకాన్ని దానితో చూడండి. అసలు కార్డులో సంతకం గీత ఎక్కడా తెగకుండా నల్లగా ఉంటుంది. స్కాన్ చేసి అచ్చువేసిన నకిలీలో అదే గీత చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అట్ట కూడా చూడండి. అసలుది బూడిద రంగు అట్ట, వెనక ఎరుపు ఆకుపచ్చ సిరా. మరీ తెల్లగా, నున్నగా, మెరుస్తూ ఉంటే అది ఆ కాలం కార్డు కాదు.

ఇంకో మోసం ఉంది. ఇది నాకే జరిగింది. ఆన్‌లైన్‌లో మూలలు కత్తుల్లా ఉన్న బ్రెట్ మినీ ఒకటి దొరికింది. గ్రేడింగ్‌కి పంపితే అంచు కోసినట్టు ఆనవాళ్ళున్నాయని నంబరు ఇవ్వకుండా తిప్పి పంపారు. అరిగిన మూలలు పోవడానికి ఎవరో అంచు వెంబడి సన్నగా చెక్కేశారు. అప్పుడే స్కేలు పెట్టి చూసి ఉంటే వెడల్పు మిగతా మినీల కన్నా తక్కువని నాకే తెలిసేది. ఆ రోజు నుంచి ఏ మినీ కొన్నా నా దగ్గరున్న పది కార్డుల మధ్య పెట్టి, అంచులు బల్లకు తట్టి, పైనుంచి చూస్తాను. పొట్టిది ఉంటే లోపలికి దిగిపోయి కనిపిస్తుంది. షోలో కూడా ఇలా చూడొచ్చు, అమ్మేవాళ్ళను అడిగితే కాదనరు.

ఆన్‌లైన్‌లో రెండో ఇబ్బంది ఇంకా మామూలుది. ఫోటోలో సైజు తెలియదు. మినీ, మామూలు కార్డు బొమ్మలు ఒకటే కదా. "1975 మినీ, యాభై కార్డులు" అని రాసి ఉంటే కొన్నాను. వచ్చిన యాభై కార్డులూ మామూలు సైజువే. అమ్మినావిడకు నిజంగానే తేడా తెలియదు, డబ్బు వెనక్కి ఇచ్చేశారు. కానీ రెండు వారాలు పోయాయి. కొనే ముందు కార్డును స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపమని అడగండి. పంపనంటే వదిలేయండి.

గ్రేడింగ్ విషయానికొస్తే, పీఎస్ఏ, ఎస్‌జీసీ లాంటి సంస్థలు కార్డును పరీక్షించి, ఒకటి నుంచి పది దాకా నంబరు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ కవరులో సీలు చేసి పంపుతాయి. మీ డబ్బాలో పంపదగ్గవి బహుశా పది లోపే ఉంటాయి. నా పద్ధతి చెప్తాను. ఆ కార్డు ఏడో నంబరుకు తగ్గదని నాకు నమ్మకం కలగాలి. అదే కార్డు ఆ నంబరుతో ఇటీవల నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో ఈబేలో "సోల్డ్" లిస్టులో చూస్తాను. అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర. అందులోంచి ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ తీసేశాక కూడా విడి కార్డు ధర కన్నా బాగా మిగిలితేనే పంపుతాను. బ్రెట్, యౌంట్ కార్డులకు ఇంకో కారణం కూడా ఉంది. గ్రేడింగ్ అయితే అసలుదే అన్న భరోసా వస్తుంది. కాబట్టి ఆ రెండూ మధ్యరకం కండిషన్‌లో ఉన్నా పంపొచ్చు. వాడి అరిగిన కామన్ కార్డులు, అంటే పెద్ద పేరు లేని ఆటగాళ్ళవి, కొద్ది డాలర్లవే, వాటిని సెట్టులోనే ఉంచండి.

మినీ అనగానే మామూలు కార్డు కన్నా ఎన్నో రెట్లు ధర పలుకుతుందని కొందరు అనుకుంటారు. ఆ ఆశ పెట్టుకోకండి. మధ్యరకం కండిషన్‌లో రెండిటికీ అంత పెద్ద తేడా ఉండదు. కొత్తదానిలా ఉన్నవాటి దగ్గరే తేడా పెరుగుతుంది.

దాచడం. ఇక్కడ చాలామంది చేసే తప్పు, మినీని మామూలు సైజు కవరులో పెట్టడం. లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి కదిలిన ప్రతిసారీ మూల వెళ్ళి గోడకు తగులుతుంది. యాభై ఏళ్ళు బాగున్న కార్డు మన ఇంట్లో రెండేళ్ళలో పాడవుతుంది. 1975 మినీలకని విడిగా స్లీవ్‌లు (పలచటి ప్లాస్టిక్ కవర్లు) అమ్ముతారు. కొనేముందు లోపలి కొలత చదవండి. ఇక డబ్బా బేస్‌మెంట్‌లో పెట్టొద్దు. మిషిగన్ బేస్‌మెంట్ వేసవిలో చెమ్మగిల్లుతుంది, అట్ట ఒంగిపోతుంది, బూజు వాసన పడితే వదలదు. నేను పడకగది అలమరలో, నేలకు ఎత్తుగా, ఎండ తగలని చోట పెడతాను. డబ్బాలో కార్డులు వదులుగా ఉంటే ఒరిగి వంగుతాయి, ఖాళీ ఉన్న చోట అట్టముక్క పెట్టి నిలబెట్టండి.

సెట్టు కట్టడం గురించి. 660లో మీ దగ్గర మూడు వందలున్నాయి అంటే అందులో రిపీట్‌లు పోగా రెండు వందల పైచిలుకు నంబర్లు ఉండొచ్చు. లేనివాటి లిస్టు కాగితం మీద రాసి మీ అబ్బాయి జేబులో పెట్టండి. కామన్ కార్డులు ఒక్కొక్కటీ ఆన్‌లైన్‌లో కొంటే పోస్టేజీయే కొంప ముంచుతుంది. షోలో ఒకే బల్ల దగ్గర ముప్పై నలభై కలిపి బేరమాడండి. రిపీట్‌లు అమ్మకుండా మార్చుకోవడానికి ఉంచండి. ఒకే స్థాయి కండిషన్ ఎంచుకుని దానికే కట్టుబడండి. నేను మొదట్లో ఒక కార్డు అద్భుతంగా, పక్కది మడతలతో కొనుక్కుంటూ పోయాను. చివరికి పేజీ తిప్పితే కంటికి ఇంపుగా లేక సగం మళ్ళీ కొన్నాను.

చివర్లో చిక్కేవి స్టార్లు కావు. పిల్లలు తమకున్న కార్డులకు టిక్కు పెట్టుకునే చెక్‌లిస్టులు, వెనక చెక్‌లిస్టున్న జట్టు కార్డులు. పెన్ను గీత పడని మినీ చెక్‌లిస్టు కోసం నేను రెండేళ్ళు ఆగాను. మీ డబ్బాలో గీత లేనిది కనిపిస్తే బ్రెట్ దొరికినంత సంతోషపడండి.

"ఇలా ఒక్క ప్రాంతంలోనే వచ్చినవి ఇంకేమున్నాయి" అని కూడా అడిగారు. చాలా ఉన్నాయి. 1953లో డెట్రాయిట్ టైగర్స్ ఆటగాళ్ళతో గ్లెండేల్ మీట్స్ వాళ్ళు మాంసం ప్యాకెట్లలో కార్డులు పెట్టారు. సిన్సినాటి వైపు కాన్స్ సాసేజీల కార్డులు 1955 నుంచి 1969 దాకా వచ్చాయి. కాలిఫోర్నియాలో జీనట్ మిఠాయి కార్డులు 1911 నుంచి 1938 దాకా నడిచాయి. చిన్న సైజు కావాలంటే 1909 నుంచి 1911 మధ్య సిగరెట్ ప్యాకెట్లలో వచ్చిన టీ206 కార్డులు మినీ కన్నా చిన్నవి. అందులో దక్షిణాది లీగుల ఆటగాళ్ళవి 48 ఉన్నాయి. వీటిలో చాలావాటికి డబ్బు బాగా కావాలి, నూనె మరకలున్న కార్డులకు కూడా. పదకొండేళ్ళ పిల్లాడితో మొదలుపెట్టడానికి 1975 మినీయే సరైనది. సంఖ్య ఎక్కువ, ధర అందుబాటులో, దొరికే చోటు మీ ఇంటి చుట్టుపక్కలే.

ఈ వారాంతం కొలిచి, నంబర్లవారీగా పేర్చాక 1, 223, 228, 407, 660 ఉన్నాయేమో చూడండి. ఉంటే రెండు వైపులా, స్కేలు పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి. ఏది గ్రేడింగ్‌కి పంపాలో, ఏది స్లీవ్‌లో ఉంచితే చాలో ఒక్కొక్కటీ చూసి చెప్తాను. మీ అబ్బాయి రాసిన లిస్టు కూడా పెట్టండి. నా దగ్గర రిపీట్‌లు రెండు డబ్బాలున్నాయి.